ఎమ్మెల్యే ఓటు సరే, ఎంపీ ఓటు ఎవరికి? (లోక్‌సభ 2024)

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మార్చి 17, 2024, రాత్రి 9:40

నిన్న ఎన్నికల కోడ్ కూసింది. ఏడు విడతల్లో మన ఆంధ్రాది నాలుగోది, మే 13. అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఒకేరోజు. ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25 దాకా నామినేషన్లు, 29 దాకా ఉపసంహరణ, లెక్కింపు జూన్ 4న. ఓటేసి మూడు వారాలు గోళ్లు కొరుక్కోవాలన్నమాట.

మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. ఎమ్మెల్యే ఓటు ఎవరికన్నది మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది, దాని మీద ఇక్కడ వాదన వద్దు. నా గొడవంతా ఎంపీ ఓటు వేసే మిషన్ గురించి. నాన్నకు ఫోన్ చేసి, “మనకి ఎంపీగా ఎవరు నిలబడుతున్నారు?” అన్నాను. “ఎవరో అమెరికా డాక్టరంట, అటు పక్క పొన్నూరు ఎమ్మెల్యే అంట. ఎవరైతే ఏంట్రా, గుర్తు గుర్తే కదా, రెండూ ఒకటే నొక్కేయ్” అన్నాడు.

ఆ మాట అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతోంది. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చే ఓటుని మనం ఎమ్మెల్యే ఓటుకి కొసరుగా వేసేస్తున్నామా? ఎంపీ ఓటు వేసేటప్పుడు మీరు దేన్ని చూస్తారు? మనిషినా, పార్టీనా, ప్రధానినా? నిజం చెప్పండి.

గట్టుమీద మనిషి | మార్చి 17, రాత్రి 9:52

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. మా ఊళ్ళో చాలామంది చూసేది ఓటుకిచ్చే డబ్బు కవరు.

బీచ్‌రోడ్డు | మార్చి 17, రాత్రి 10:15

గట్టుమీద మనిషీ, మొదటి పోస్టుకే దిగిపోయావేటి గురూ. కాసేపు ఆగు.

సర్కార్, కొసరు ఓటు అన్నావు గానీ లెక్కలు అలా లేవు. 2019లో వైసీపీకి 151 ఎమ్మెల్యేలు, 22 మంది ఎంపీలు. అంత గాలిలోనూ తెలుగుదేశం మూడు ఎంపీ సీట్లు నిలబెట్టుకుంది: శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు. నీ గుంటూరు సంగతే చూడు. లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీలుంటే ఆరు వైసీపీ గెలిచింది, గుంటూరు పశ్చిమ ఒక్కటే టీడీపీకి దక్కింది. ఎంపీగా మాత్రం గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో బయటపడ్డారు. అంటే మీ జిల్లాలోనే వేలమంది తెల్ల కాగితం మీద ఒకటి, గులాబీ కాగితం మీద ఇంకోటి నొక్కారు.

మా విశాఖలో తిరగేసి జరిగింది. సిటీలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీవే. ఎంపీ సీటు మాత్రం 4,414 ఓట్ల తేడాతో వైసీపీకి పోయింది. మధ్యలో జనసేన తరఫున లక్ష్మీనారాయణ గారు 2.88 లక్షలు పట్టుకుపోయారు మరి.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మార్చి 17, రాత్రి 10:31

గుంటూరు తేడా తక్కువని తెలుసు గానీ ఏడింట ఆరు పోయినా గెలిచాడన్నది ఇప్పుడే గమనించాను! 2018 జులైలో అవిశ్వాస తీర్మానం మీద “మిస్టర్ ప్రైమ్ మినిస్టర్” అంటూ మాట్లాడాడు కదా, దాని ప్రభావమేమో. తీర్మానం 126–325తో వీగిపోయిందనుకోండి, మా వీధి కుర్రాళ్ల ఫోన్లలో మాత్రం ఆ ప్రసంగం నెలల తరబడి మోగింది. ఈసారి ఆయన రాజకీయాలే వదిలేశారు.

పాత ప్రిసైడింగు | మార్చి 18, ఉదయం 6:05

నమస్కారం. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఎన్నికల డ్యూటీలు ఎన్ని చేశానో లెక్క లేదు, కాగితం బ్యాలెట్ కాలం నుంచీ చూశాను. బీచ్‌రోడ్డు గారి తెల్ల, గులాబీ మాట కొత్తవాళ్లకు అర్థమై ఉండదు. రెండు ఎన్నికలు ఒకేరోజు జరిగితే పార్లమెంటు మిషన్ మీద తెల్ల కాగితం, అసెంబ్లీ మిషన్ మీద గులాబీ కాగితం అంటిస్తారు. రెండింటికీ వేర్వేరు గూళ్లుంటాయి. ముందు పార్లమెంటుది, తరవాత అసెంబ్లీది.

బూత్‌లో కూర్చుని నేను గమనించింది ఒకటుంది. తెల్ల కాగితం దగ్గర జనం ఎక్కువసేపు నిలబడరు. గులాబీ దగ్గర కొంచెం ఆలోచిస్తారు. కొందరు మొదటి గూట్లో నొక్కి, బీప్ రాగానే పని అయిపోయిందని బయటికి వచ్చేసేవారు. “అమ్మా, ఇంకోటుంది” అని పిలవాల్సొచ్చేది.

ఓరుగల్లు పోరడు | మార్చి 18, ఉదయం 11:20

ఆంధ్రోళ్లకు రెండు మిషన్లున్నయ్ కాబట్టి ఈ పరేషాన్. మాకైతే నవంబర్ 30కే అసెంబ్లీ అయిపోయింది. ఇప్పుడు ఒక్కటే మిషన్, ఒక్కటే ఓటు. గందుకే మాకాడ లెక్క వేరే ఉంటది. 2018 డిసెంబర్ల 88 సీట్లు గెలిచిన టీఆర్ఎస్, ఆరు నెలలు తిరగకముందే లోక్‌సభల 9 కాడ ఆగింది. బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3, మజ్లిస్‌కు 1. అసెంబ్లీకి కారు గుద్దినోళ్లే ఢిల్లీకొచ్చేసరికి చేతులు మార్చిన్రు.

గా 9 మందిల ఇప్పటికే ఐదుగురు దిగిపోయిన్రు. పెద్దపల్లి, వరంగల్, చేవెళ్ల కాంగ్రెస్‌లకు, నాగర్‌కర్నూల్, జహీరాబాద్ బీజేపీలకు. బండి రోడ్డు మీదనే ఉన్నది, సీట్లే ఖాళీ అయితున్నయ్.

అద్దెగది | మార్చి 18, మధ్యాహ్నం 1:10

నాకిది తొలి ఓటు. అమ్మానాన్నలది ఒంగోలు. నేను అమీర్‌పేట్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఓటు ఇంకా నమోదు చేయించుకోలేదు. ఇప్పుడు అవకాశం ఉందా? హైదరాబాద్‌లో పెట్టించుకోనా, ఊళ్ళోనా?

పాత ప్రిసైడింగు | మార్చి 18, మధ్యాహ్నం 1:45

ఉందమ్మా. నామినేషన్ల ఆఖరి తేదీకి పది రోజుల ముందు దాకా ఫారం 6 ఇవ్వొచ్చు. అంటే ఏప్రిల్ 15. ఆఖరి రోజు దాకా ఆగకు, బూత్ స్థాయి అధికారి వచ్చి చూసుకోవాలి. చదువుకునే చోట ఉంటున్నావు కాబట్టి అక్కడైనా పెట్టించుకోవచ్చు, ఊళ్ళోనైనా పెట్టించుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం వద్దు, అది నేరం. అనుమానాలుంటే 1950కి ఫోన్ చెయ్యి.

నిజానికి ఇప్పుడు ఏటా నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 18 నిండిన తేదీని బట్టి చేర్చుకుంటారు. మా కాలంలో జనవరి 1 తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే.

గట్టుమీద మనిషి | మార్చి 18, సాయంత్రం 4:00

అద్దెగదమ్మా, ఊళ్ళోనే పెట్టించుకో. హైదరాబాద్‌లో మాత్రం ఎవరు వేస్తున్నారని? 2019లో హైదరాబాద్ లోక్‌సభలో సగం మంది కూడా గుమ్మం దాటలేదు. అక్కడ నీ ఓటుకి కవరు కూడా రాదు.

అద్దెగది | మార్చి 18, సాయంత్రం 4:12

సగం మంది రాకపోతే నా ఓటు విలువ ఎక్కువవుతుంది కదండీ. మరి ఊళ్ళో ఎందుకు?

బీచ్‌రోడ్డు | మార్చి 18, సాయంత్రం 4:20

హహ్హ. గట్టుమీద మనిషికి తొలి ఓటరు చేతిలో డిపాజిట్ గల్లంతు.

నల్లరేగడి | మార్చి 23, రాత్రి 8:30

సామీ, ఊర్లో జాతర ఉంటే నాలుగు దినాలు రాలేకపోతిని. మాది కడప జిల్లా. మా కాడ ఎంపీ ఓటు కొసరు కాదప్పా, అదే అసలు పండగ. షర్మిలమ్మ పీసీసీ అధ్యక్షురాలిగా వచ్చినప్పటి నుంచి కడపలో తానే నిలబడుతుందని గట్టిగా చెప్పుకుంటా ఉండారు. నిలబడితే అన్న పార్టీ తరఫున అవినాష్ రెడ్డి, ఇటు చెల్లెలు. 2014 తర్వాత కాంగ్రెస్‌కు రాష్ట్రంలో ఒక్క సీటూ లేదు, మా కడపలో మటుకు ఆ పార్టీ పేరు మళ్లా టీ అంగళ్లలో వినపడతాంది.

నా బాధ వేరే. ఆంధ్రాలో ఏ పెద్ద పార్టీకి ఓటేసినా అది ఢిల్లీలో చేరేది ఒకే చోటికి కదా? టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికి వేస్తే నేరుగా బీజేపీకి. వైసీపీ ఎన్డీయేలో లేదు గానీ, ఈ ఐదేండ్లలో పెద్ద పెద్ద బిల్లులకు చెయ్యెత్తింది ఎవరప్పా? 25 మంది ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచి ప్రత్యేక హోదా తెస్తామన్నారు, 22 మందినిస్తిమి. బీజేపీకి సొంతంగా 303 వచ్చె. ఎవరి మెడా వంగలే.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మార్చి 23, రాత్రి 9:05

హోదా మాటెత్తితే అందరూ బోనెక్కాల్సిందే. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఐదేళ్లు ఇస్తామన్నది మన్మోహన్ సింగ్. ఇవ్వనిది బీజేపీ. ప్యాకేజీ చాలని ఒప్పుకొని, 2018లో అదే విషయం మీద బయటికొచ్చి, ఇప్పుడు మళ్లీ లోపలికెళ్లింది టీడీపీ. మొన్న 9న పొత్తు ఖాయమైంది. ఎంపీ సీట్లు టీడీపీకి 17, బీజేపీకి 6, జనసేనకు 2. ఈ పదేళ్ల కథలో హోదా ఏ ప్రకటనలో ఏ పేజీకి జారిపోయిందో వెతుక్కోవాలి.

బీచ్‌రోడ్డు | మార్చి 23, రాత్రి 9:30

మా స్టీలు ప్లాంటుదీ అదే వరస. 2021 జనవరిలో అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఊఁ అంది. అప్పట్నుంచి గేటు బయట శిబిరం నడుస్తోంది. విశాఖకొస్తే అన్ని పార్టీల నాయకులూ శిబిరంలో కూర్చుని ఫొటో దిగుతారు. ఢిల్లీ విమానం ఎక్కాక ఆ ఫొటో ఎవరికీ కనపడదు. రైల్వే జోన్ 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ఇంతవరకు ఆఫీసు లేదు. నేను ఎంపీ ఓటు వేసేది ఈ రెండింటి గురించే. ఎవరికి వెయ్యాలన్నది తేలక బుర్ర బద్దలవుతోంది.

పాత ప్రిసైడింగు | మార్చి 24, ఉదయం 5:50

నల్లరేగడి గారు 303 అన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది. మన ఎంపీలకు విలువ వాళ్ల గొంతు వల్ల రాదు, ఢిల్లీ లెక్క కుదరనప్పుడు వస్తుంది. 1984లో తెలుగుదేశానికి 30 సీట్లు, లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ. పేరు గొప్పే గానీ రాజీవ్ గాంధీ దగ్గర 400 దాటి ఉంటే ఈ 30తో ఏం పని? అదే 1999లో 29 సీట్లతో బయటి నుంచి వాజపేయికి మద్దతిస్తే చక్రం తిరిగింది. బాలయోగి గారు స్పీకర్‌గా ఉన్నది ఆ కాలంలోనే.

అన్నట్టు 1984లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి రెండు. అందులో ఒకటి మన హన్మకొండ. జంగారెడ్డి గారు పీవీ గారినే ఓడించారు. ఓరుగల్లు పోరడికి తెలిసే ఉంటుంది.

ఓరుగల్లు పోరడు | మార్చి 24, ఉదయం 9:15

తెల్వకేంది సార్, మా తాత ఇప్పటికీ గదే ముచ్చట చెప్తడు. ఓడిపోయినాయనే ఏడేండ్లకు ప్రధానమంత్రి అయిండు.

గట్టుమీద మనిషి | మార్చి 24, ఉదయం 10:40

మాష్టారూ, ఈసారి బీజేపీవాళ్లు 400 అంటున్నారు. మరి మన 25 మందీ ఢిల్లీలో టీ తాగి రావాల్సిందేగా?

పాత ప్రిసైడింగు | మార్చి 24, ఉదయం 11:00

అనడం వేరు, రావడం వేరు నాయనా. డ్యూటీలో ఉండగా చాలా 400లు విన్నాను.

ఎర్రజెండా నీడ | మార్చి 26, రాత్రి 10:00

మూడు రోజులుగా చదువుతున్నా. ఎవ్వరూ డబ్బు మాట ఎత్తలేదు. కవరు కాదు, పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు. ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక వివరాలు బయటికొచ్చాయి కదా. బీజేపీది 6 వేల కోట్ల పైమాట, అది అందరికీ తెలిసిందే. మనవాళ్లేమీ తక్కువ తినలేదు. బీఆర్ఎస్ 1,214 కోట్లు. వైసీపీ 337. టీడీపీ 219. జనసేన 21. ఇచ్చినవాళ్లలో దేశంలో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీదే, 966 కోట్లు. బాండు ముట్టమని మొదటి నుంచీ చెప్పి, కోర్టుకెక్కింది మా సీపీఎం. ఆ సంగతి ఒక్క టీవీలోనైనా చెప్పారా?

గట్టుమీద మనిషి | మార్చి 26, రాత్రి 10:08

కామ్రేడ్, మీకు ఇచ్చేవాళ్లెవరని వద్దన్నారో!

ఎర్రజెండా నీడ | మార్చి 26, రాత్రి 10:20

ఎగతాళి సరే. ఒక ఎంపీ అభ్యర్థి చట్టప్రకారం ఖర్చు పెట్టగలిగేది 95 లక్షల దాకానే. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం హద్దే లేదు. నువ్వు చెప్పే కవరు ఎక్కడి నుంచి మొదలవుతుందో వెతుక్కుంటూ పో, ఈ బాండ్ల దగ్గరే తేలుతావు.

గట్టుమీద మనిషి | మార్చి 26, రాత్రి 10:45

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

నిర్వాహకుడు | మార్చి 27, ఉదయం 8:00

రాత్రి 11 తర్వాత పెట్టిన 14 పోస్టులు తీసేశాను. నాయకుల ఇంటి ఆడవాళ్ల మీద రాతలు, కులం పేరుతో తిట్లు ఇక్కడ కుదరవు. పార్టీ ఏదైనా సరే. మళ్లీ రాస్తే ఖాతా పోతుంది.

ఓరుగల్లు పోరడు | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:30

వరంగల్ ముచ్చట చెప్తా, నవ్వొద్దు. బీఆర్ఎస్ టికెట్ ఇచ్చిన కడియం కావ్య గారు, వద్దని చెప్పి నాయినతోని కాంగ్రెస్‌లకు పోయి, ఆడ టికెట్ తెచ్చుకున్నరు. బీజేపీ అభ్యర్థి ఆరూరి రమేష్ గారు మొన్నటిదాకా బీఆర్ఎస్ ఎమ్మెల్యే. నిన్న బీఆర్ఎస్ మారేపల్లి సుధీర్ కుమార్ గారిని నిలబెట్టింది. అంటే మూడు గుర్తుల మీద ఉన్న ముగ్గురూ ఒకే ఇంట్లకెళ్లి వచ్చినోళ్లే. ఇగ చెప్పున్రి, నేను పార్టీని జూసి వెయ్యాల్నా, మనిషిని జూసి వెయ్యాల్నా?

బీచ్‌రోడ్డు | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:50

మాకూ అదే మిక్సరు. కిరణ్ కుమార్ రెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రానికి ఆఖరి కాంగ్రెస్ ముఖ్యమంత్రి, ఇప్పుడు రాజంపేటలో కమలం. నరసాపురంలో 2019లో ఫ్యాను మీద గెలిచిన రఘురామ గారు ఐదేళ్లూ ఆ పార్టీతోనే కుస్తీ పట్టి, మొన్న సైకిలెక్కారు. తిరుపతిలో వరప్రసాద్ గారైతే బీజేపీలో చేరిన రోజే టికెట్టు.

పసుపుకొమ్ము | ఏప్రిల్ 14, ఉదయం 7:00

కొత్తగ వచ్చిన. ముందుగల్ల ఒక మాట, నా పేరు జూసి పార్టీ అనుకోకున్రి. మాది ఆర్మూర్ దిక్కు, మేం పసుపు పండిస్తం.

గీ దారంల అందరూ “ఎవరికి వెయ్యాలె” అంటున్నరు. మేం 2019ల ఇంకో తీర్గ జేసినం, మేమే నిలబడ్డం. పసుపు బోర్డు గావాలె, మద్దతు ధర గావాలె అని మొత్తుకున్నా ఎవ్వలు వినకపోతే, ఊరూరా చందాలేసుకొని నామినేషన్లు వేసినం. నిజామాబాద్ల మొత్తం 185 మంది అభ్యర్థులు. అండ్ల 170 మంది పైన రైతులమే. ఒక్క బ్యాలెట్ యూనిట్ల 16 పేర్లే పడ్తయ్, గందుకని 12 యూనిట్లు వరుసగ పేర్చిన్రు. మా అమ్మ లోపటికి పోయి నా పేరు దేవులాడుకునేసరికి నడుం నొచ్చిందన్నది.

అందరి డిపాజిట్లు పోయినయ్, తలకాయకు 25 వేలు. అయితేంది? ముఖ్యమంత్రి బిడ్డ 70 వేల ఓట్ల తేడాతోని ఓడిపోయింది. బోర్డు తెస్తనని బాండు పేపర్ రాసిచ్చినాయన గెలిచిండు. ఆ బోర్డు పోయినేడాది అక్టోబర్ల గెజిట్ల కెక్కింది. ఆఫీసు ఏడున్నదో ఇంకా దేవులాడుతున్నం.

పాత ప్రిసైడింగు | ఏప్రిల్ 14, ఉదయం 7:40

నాయనా, మీకు ముందు నల్లగొండ ఉంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల మీద నిరసనగా 480 మంది నిలబడ్డారు. అప్పుడు మిషన్లు లేవు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది, ఎన్నికే వాయిదా వెయ్యాల్సొచ్చింది. అప్పటి డిపాజిట్ 500 రూపాయలు. ఆ దెబ్బతో అదే ఏడాది 10 వేలు చేశారు, 2010 నుంచి 25 వేలు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే డబ్బు పోయినట్టే. నీళ్లడిగినందుకు ప్రభుత్వం చేసిన మొదటి పని డిపాజిట్ పెంచడం. పిల్లలకు సివిక్స్ పాఠంలో ఇది చెప్పేవాణ్ణి, పుస్తకంలో లేకపోయినా.

అద్దెగది | ఏప్రిల్ 14, ఉదయం 10:05

పసుపుకొమ్ము గారూ, మీ పోస్టు మా హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. మా గదిలో నలుగురం ఉంటే ఇద్దరికి ఫారం 6 అంటే తెలియదు. ఇవాళ నింపించాను. నాది ఒంగోల్లోనే పెట్టించుకున్నా.

నల్లరేగడి | ఏప్రిల్ 14, రాత్రి 9:10

గుర్తుల గొడవ కూడా తక్కువది కాదబ్బా. 2019లో హెలికాప్టర్ రెక్కలు ఫ్యాను మాదిరి ఉండాయని మావోళ్లు ఫిర్యాదు చేసినారు. ఈసారి గాజు గ్లాసు తంటా. జనసేనకు ఇంకా గుర్తింపు రాలేదు కాబట్టి గ్లాసు ఫ్రీ సింబల్స్ జాబితాలో ఉంది. వాళ్లు లేని చోట స్వతంత్రుడెవడన్నా గ్లాసు పట్టుకుంటే కూటమి ఓటు చీలుతాది.

ఓరుగల్లు పోరడు | ఏప్రిల్ 14, రాత్రి 9:25

గది మాకు అనుభవమే. 2019ల భువనగిరిల కారు ఓడింది 5 వేల చిల్లర ఓట్లతోని. ఆడ రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేల పైన పడ్డయ్. రోలర్ బొమ్మ కారు లెక్కనే కొడ్తదని బీఆర్ఎస్ ఇప్పటికీ మొత్తుకుంటది. ముసలోళ్లకు చిన్న బొమ్మల ఏం కనపడ్తది చెప్పు?

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | ఏప్రిల్ 23, రాత్రి 10:30

రెండు విషయాలు.

ఒకటి, నాన్న చెప్పిన అమెరికా డాక్టరు, మా గుంటూరు టీడీపీ అభ్యర్థి, అఫిడవిట్ వేశారు. 5,700 కోట్లకు పైగా ఆస్తి. నాన్నకు చెప్తే కాసేపు నోట మాట రాలేదు. తర్వాత, “అయితే మన డబ్బులు తినడులే” అన్నాడు. పక్కనున్న బాబాయి, “అన్ని కోట్లున్నాయనకి మన బోదె కాలవ ఏం అర్థమవుద్ది?” అన్నాడు. ఇద్దరూ ఒకే పార్టీ. కూటమి, వైసీపీ కాక కాంగ్రెస్ పొత్తులో సీపీఐ కూడా బరిలో ఉంది. ఆ అభ్యర్థి పేరు మా ఊళ్ళో ముగ్గురిని అడిగాను, ఒక్కరూ చెప్పలేదు.

రెండు, సూరత్. కాంగ్రెస్ నామినేషన్‌ను తిరస్కరించారు, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, నిన్న బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవం. అక్కడ ఓటర్లకి అసలు పోలింగే లేదు. నోటాకి వేసుకునే దారి కూడా లేదన్నమాట!

ఎర్రజెండా నీడ | ఏప్రిల్ 23, రాత్రి 11:00

నోటాని అభ్యర్థిగా లెక్కపెట్టరు, అదీ తిరకాసు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ మీట పెట్టారు. కోటి ఓట్లు నోటాకి పడినా తర్వాత ఎక్కువొచ్చినవాడే గెలుస్తాడు. అయినా అరకు లాంటి చోట ప్రతిసారీ వేలకు వేలు పడుతున్నాయి. అది కోపమో, గుర్తులు పోల్చుకోలేక పడ్డవో ఎవరైనా వెళ్లి అడిగారా?

పసుపుకొమ్ము | ఏప్రిల్ 27, ఉదయం 6:30

నిన్న సుప్రీంకోర్టు వీవీప్యాట్ చిట్టీలన్నీ, అదే ఓటు ఎవరికి పడ్డదో చూపెట్టే చిట్టీలు, లెక్కపెట్టుడు కుదరదన్నది. మా ఊరోళ్లు “ఇగ మిషన్ల ఏం జేసినా అడిగేటోడు లేడు” అంటున్నరు. మాష్టారూ, మీరు లోపటి మనిషి, చెప్పున్రి.

పాత ప్రిసైడింగు | ఏప్రిల్ 27, ఉదయం 8:20

లోపటి మనిషిగా నేను చూసింది చెప్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

పోలింగు రోజు మాకు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. ఓటింగుకి గంటన్నర ముందు మాక్ పోల్. ఏజెంట్ల ఎదుట తక్కువలో తక్కువ 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, వీవీప్యాట్ చిట్టీలతో సరిపోల్చి, మళ్లీ చెరిపేసి సీలు వెయ్యాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ కాగితం మీద రాసి ఏజెంట్లకు సంతకంతో ఇవ్వాలి. నా అనుభవంలో లోపం ఎక్కడంటే, ఏజెంట్లు ఆ పొద్దున ఐదున్నరకి రారు. మాక్ పోల్ అయ్యాక కళ్లు నులుముకుంటూ వచ్చి, “మాష్టారూ, సంతకం ఎక్కడ?” అంటారు. కోట్లు ఖర్చు పెట్టే పార్టీలు బూత్‌లో నిద్ర లేచే మనిషిని పెట్టలేవు.

లెక్కింపులో ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఐదు బూత్‌ల చిట్టీలు సరిచూస్తారు. అది చాలదన్నవాళ్ల వాదనలో పస లేదని నేననను. కానీ ఓటేసేటప్పుడు ఆ అద్దంలో చిట్టీ ఏడు సెకన్లు కనపడుతుంది. వందమందిలో పదిమంది కూడా చూడగా నేను చూడలేదు. ఈసారి చూడండి.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మే 3, సాయంత్రం 6:15

మా ఆఫీసులో తమాషా వినండి. బెంగళూరుకి పోలింగ్ ఏప్రిల్ 26న అయిపోయింది, ఆ రోజు సెలవిచ్చారు. మే 13కి సెలవు అడిగితే, “ఎన్నికల సెలవు వాడేసుకున్నావు కదా” అంటున్నారు. నా ఓటు ఇక్కడ లేదురా బాబూ!

పాత ప్రిసైడింగు | మే 3, సాయంత్రం 6:40

ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135బి చూపించు. ఓటు హక్కున్న ఉద్యోగికి పోలింగు రోజు జీతంతో సెలవివ్వాలి. నియోజకవర్గం బయట పనిచేసేవాళ్లకీ వర్తిస్తుందని ఎన్నికల సంఘమే చెప్పింది. ఇవ్వకపోతే జరిమానా.

గట్టుమీద మనిషి | మే 3, సాయంత్రం 6:55

ఆ జరిమానా ఎంతో కూడా చెప్పండి మాష్టారూ. 500 రూపాయల దాకా. వాళ్ల హెచ్ఆర్ కాఫీ బిల్లు.

బీచ్‌రోడ్డు | మే 11, సాయంత్రం 7:00

మైకులు ఆగిపోయాయి. ఆరు గంటలకి బీచ్‌లో ఒక్కసారిగా అలల చప్పుడు వినిపించింది. నెలన్నర తర్వాత.

నిర్వాహకుడు | మే 11, సాయంత్రం 7:30

ప్రచార గడువు ముగిసింది. ఇక్కడా అంతే. ఫలానా వాళ్లకి వెయ్యండి అనే పోస్టులు 13 సాయంత్రం దాకా వద్దు. బస్సులు, రైళ్లు, బూత్‌ల సమాచారం రాసుకోండి.

ఓరుగల్లు పోరడు | మే 11, రాత్రి 9:00

హైదరాబాద్ నుంచి విజయవాడ దిక్కు పోయేటోళ్లు పంతంగి టోల్‌గేట్ కాడ ఓపిక పట్టున్రి. సంక్రాంతిని మించి ఉన్నదంట. సిటీ సగం ఖాళీ అయింది. మీరంతా అటు పోతే మా కాడ ఓటు పర్సెంటేజీ ఏమైతదో ఏమో!

అద్దెగది | మే 12, ఉదయం 8:45

ఒంగోలు చేరాను. పేరు జాబితాలో ఉంది! క్రమ సంఖ్య చూసుకుని ఫొటో తీసుకున్నా. మాష్టారూ, ఒకవేళ నా ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే?

పాత ప్రిసైడింగు | మే 12, ఉదయం 9:00

వెనక్కి రాకు. ప్రిసైడింగు అధికారిని టెండర్ ఓటు అడుగు. కాగితం బ్యాలెట్ ఇస్తారు. ఇవ్వడం ఆయన బాధ్యత. రెండు చేతి సంచులు పెట్టుకుని లైన్లో నిలబడకు, మంచినీళ్ల సీసా ఒక్కటి చాలు.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మే 12, రాత్రి 11:20

బస్సులో ఉన్నా. మామూలు రేటుకి రెండింతలు పెట్టి కొన్న సీటు. ముందు సీటాయనది వైసీపీ, పక్కాయనది జనసేన. సాయంత్రం దాకా పోట్లాడుకుని, ఇప్పుడు ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి నిద్రపోతున్నారు. నేనింకా తెల్ల కాగితం గురించి తేల్చుకోలేదు.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ | మే 13, రాత్రి 8:10

వేశాను. ఎవరికన్నది అడగొద్దు, చిట్టీ మాత్రం ఏడు సెకన్లూ చూశాను మాష్టారూ.

లైన్లో నాన్న నాకు ముందున్నాడు. ఆయన లోపలికెళ్లాక నేను గుమ్మం దగ్గర నిలబడి వింటున్నా. మొదటి గూట్లోంచి బీప్ ఎంతకీ రాదు. పోలింగ్ ఆఫీసర్ తలెత్తి చూశాడు. “నొక్కండి పెద్దాయనా” అని ఎవరో అన్నారు. ఇంకాసేపటికి వచ్చింది. గులాబీ దగ్గర మాత్రం క్షణం పట్టలేదు.

ఇంటికి నడిచొస్తుంటే, “ఏరా, రెండూ ఒకటే నొక్కావా?” అన్నాడు.

“నువ్వో?” అన్నాను.

వేలి మీద సిరా ఆరిందో లేదో చూసుకుంటూ ముందుకి నడిచాడు.